రథ్యయు రచ్చయు
నంద్యాల, ఆళ్లగడ్డ వీథుల జీర్ణోద్ధారణమును గూర్చిన విమర్శనము

జీర్ణోద్ధారణ మను పదము దేవాలయముల విషయమునఁ బండితులకుఁ జిరపరిచితము. పాతపడిన గుడిని బాగుచేయునపుడు ఏది తీసివేయవచ్చును, ఏది కదలింపరాదు, కదలింపవలసివచ్చినచో నెట్టి క్రమమునఁ గదలింపవలయును అను ప్రశ్నలకు ఆగమములు విస్తరముగా సమాధానముల నొసఁగినవి. ఊరి నడుమనుండు వీథికిని, నాలుగుత్రోవలు కలియు కూడలికిని అట్టి మర్యాద యేదియు నాచరణమునందుఁ గానరాదు. వీథి యిఱుకైనదని తోఁచినపుడు దాని కిరువైపుల గీఁత గీసి, గీఁత లోపల నున్నదెల్లఁ దొలఁగించుటయే బాగుచేయుట యని లోకము తలంచుచున్నది. నంద్యాల పట్టణమున 2017వ సంవత్సరమున జరిగిన ప్రధానవీథుల విస్తరణము ఈ ప్రశ్నను మరల ముందునకుఁ దెచ్చినది. ఆ విస్తరణమునకుఁ బూర్వరంగ మెట్టిది, ప్రాచీనులు వీథిని దేనితోఁ గొలిచిరి, నేఁటి కొలత దేనిని విడిచిపెట్టుచున్నది అను విషయము లిందు విచారింపఁబడును.

నంది, ఆలయ శబ్దములకు యణాదేశము రాఁగా నంద్యాలయ మగుననియు, అదియే కాలక్రమమున నంద్యాల యైనదనియు లోకమునఁ బ్రసిద్ధమైన వ్యుత్పత్తి. దీనికిఁ దగినట్లు ఈ పట్టణమును, దాని పరిసరములును నవనందులకు నెలవులు. ప్రథమనంది, నాగనంది, సోమనంది అను మూఁడు క్షేత్రములు పట్టణమునందే కలవు. మహానంది తూర్పున నల్లమల కొండల పాదమున వెలసినది. కార్తికమాసమున సూర్యోదయమునకు బయలుదేరి సూర్యాస్తమయమునకు లోపలఁ దొమ్మిది నందులను దర్శించు నాచారము నేఁటికిని నిలిచియున్నది. కావున ఈ పట్టణపు వీథులు కొన్ని అంగళ్ల కొఱకుఁ బుట్టినవి కావు. ఒక నందినుండి మఱియొక నందికి నడచువారి పాదములే వానిని గీసినవి. సారస్వతమునందును ఈ యూరికి స్థానము కలదు. పదునాఱవ శతాబ్దమునఁ బింగళి సూరన తన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకితము చేసెను. పురవర్ణనమును అష్టాదశవర్ణనలలో నొకటిగా నెంచు కావ్యసంప్రదాయమున వెలువడిన యొక యుత్తమప్రబంధము ఈ పురమునకుఁ బ్రభువైన వానికిఁ జెందుట, పురవీథులను గూర్చి విచారించువారికి విస్మరింపఁదగని విషయము.

వీథులకు సంబంధించిన పదములను బరిశీలించినచో పట్టణచరిత్ర చాలవఱకు వానియందే గోచరించును. అమరసింహుఁడు పురవర్గమున రథ్య, ప్రతోలి, విశిఖ అను పర్యాయములను జెప్పెను. శృంగాటకము, చతుష్పథము అనునవి నాలుగుత్రోవలు కలియుచోటిని దెలుపును. చతుష్కశబ్దమే భాషాంతరములయందు మాఱుచు వచ్చి చౌకు అయినది. నంద్యాల నడుమ గాంధీచౌకునందు నిలిచినవాఁ డెఱుఁగకయే సంస్కృతపదము నుచ్చరించుచున్నాఁడు. బజారు పారసీకము. శ్రీనివాససెంటరు అనునపుడు వినఁబడు సెంటరు ఆంగ్లేయము. కూడలి, సందు, పేట యనునవి జనుల నాలుకపై నున్న తెలుఁగుమాటలు. కర్నూలు నవాబుల యేలుబడియు, 1839లో నది యంతరించిన పిమ్మట వచ్చిన కుంపిణీపరిపాలనమును ఈ పదములపై ముద్రలు వేసిపోయినవి.

వీనిలో రథ్యాశబ్దము ప్రత్యేకముగ విచారింపఁదగినది. రథశబ్దమునుండి పుట్టిన ఈ పదమున త్రోవ వెడల్పునకు వాహనమే ప్రమాణ మను భావము గర్భితమై యున్నది. ఈ పదమే ప్రాకృతమున రచ్ఛా యనియు, తెలుఁగున రచ్చ యనియుఁ బరిణమించినది. అయినను దెలుఁగునకు వచ్చునప్పటికి దాని యర్థము మాఱినది. రచ్చ యనఁగా బండ్లు పోవు త్రోవ కాదు. జనులు కూర్చుండి తగవు తీర్చుకొను చోటు. రచ్చకట్ట, రచ్చసావడి యను మాటలు ఈ యర్థమునకు సాక్షులు. ఇంట గెలిచి రచ్చ గెలువు మను సామెత యందలి రచ్చకు సభ యనియే యర్థము. ఒకే పదము సంస్కృతమున బండితోను, తెలుఁగున మనుష్యులతోను వీథిని గొలుచుచున్నది. వీథివిస్తరణమునందలి వివాదము చాలవఱకు ఈ రెండుకొలతల నడుమనున్న వివాదమే.

ప్రాచీనులు బండికొలతను మాత్రమే యెఱుఁగుదు రనుకొనుట పొరపాటు. కౌటల్యుఁ డర్థశాస్త్రమున దుర్గనివేశమును జెప్పునపుడు, పురమునకుఁ దూర్పుపడమరలుగా మూఁడు, ఉత్తరదక్షిణములుగా మూఁడు రాజమార్గములను, పండ్రెండు ద్వారములను విధించెను. రథ్యకు నాలుగు దండముల వెడల్పు చెప్పెను. దండమునకు నాలుగరత్నులు, అనఁగా సుమారు ఆఱడుగులు. కావున రథ్య వెడల్పు సుమారు ఇరువదినాలుగడుగు లగును. గ్రామములకుఁ బోవు త్రోవకు ఎనిమిది దండములు చెప్పఁబడినవి. ఇంతటితో నాఁగక, పశువులు పోవు దారికి నాలుగరత్నులును, చిన్నపశువులును మనుష్యులును నడచు దారికి రెండరత్నులును విడిగా విధింపఁబడినవి. రెండరత్నులనఁగా మూఁడడుగులు. ఈ మూఁడడుగులు కొంచెమే యయినను అవి మనుష్యునికిఁ జెందినవి. బండికి వానిపై హక్కు లేదు. నేఁటి పట్టణములందు నలువది యడుగుల వీథిలో సయితము మనుష్యుఁడు నడచుటకు మూఁడడుగుల చోటు దొరకకున్నచో, వీథి చిన్నదని చెప్పుట కంటె విభాగము లోపించినదని చెప్పుట యుక్తము.

ఆ గ్రంథమునందే నాగరికప్రణిధి ప్రకరణమున, వీథిలో దుమ్ము పోసినవానికిఁ బణములో ఎనిమిదవ భాగమును, బురదచే నీటిచే వీథిని నిరోధించిన వానికి నాలుగవ భాగమును దండముగా విధించి, రాజమార్గమున నట్టి దోషము చేసినచో దండము రెట్టింపని చెప్పఁబడినది. వీథియొక్క యోగ్యత వెడల్పుచేతఁ గాదు, నిర్వాహముచేత నిలుచునని దీని తాత్పర్యము.

ఇఁక నంద్యాల వీథు లిఱుకైన క్రమము పరిశీలింపఁదగినది. 1860 తరువాతి దశాబ్దమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిన కర్నూలు కడప కాలువ ఈ సీమను దడిపినది. ఆ కాలువను 1882లో దొరతనమువారు కొనిరి. పందొమ్మిదవ శతాబ్ది ముగియు లోపల గుంతకల్లునుండి బెజవాడకుఁ బోవు ఇనుపదారి ఈ యూరి మీఁదుగ వచ్చెను. నల్లరేగడి నేలలఁ బండిన ప్రత్తి యీ దారిని జేరుటకు నంద్యాల ముఖ్యస్థాన మాయెను. 1899లో పురపాలకసంఘ మేర్పడెను. 1906లో వ్యవసాయపరిశోధనక్షేత్రము వెలసెను. ఎద్దులబండ్ల కొఱకు ఏర్పడిన వీథులమీఁదఁ జుట్టుప్రక్కల గ్రామముల సంతయంతయు వచ్చి పడెను. 2011 జనగణనము ననుసరించి పట్టణజనసంఖ్య సుమారు రెండు లక్షలు. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల ప్రత్యేకజిల్లాకు ముఖ్యపట్టణ మాయెను. కచ్చేరీలు పెరిగినవి; వాని వెంట జనసమ్మర్దమును బెరిగినది. పాతపేటల వీథులు మాత్రము నవాబుల నాఁటి వెడల్పుననే నిలిచినవి. వ్యాపారము హెచ్చినకొలఁది అంగడివారు మెట్లను, పందిళ్లను వీథిలోనికి జరిపిరి. వీథిని జనులును గొంత మ్రింగిరని ఒప్పుకొనక తప్పదు.

ఇట్టి చిక్కు ఒక్క నంద్యాలకే కాదు. చెన్నపురిరాజధానిలో 1920లో పురనిర్మాణశాసన మేర్పడక ముందే, 1914-15 సంవత్సరములలో స్కాట్లండుదేశీయుఁడగు పాట్రిక్ గెడ్డిసు పండితుఁడు గవర్నరగు పెంట్లండు ప్రభువు పిలుపుపై వచ్చి, తంజావూరు, మధుర, బళ్లారి మొదలగు పట్టణములను వీథివీథికి నడచి పరిశీలించెను. బళ్లారి దత్తమండలములలోనిదే గాన, ఆ పరిశీలనము నంద్యాలకుఁ బరాయిది కాదు. తిన్ననైన పెద్దవీథిని గీసి యిండ్లను బడఁగొట్టు పద్ధతిని గెడ్డిసు నిరసించెను. దానికి బదులు రక్షణపూర్వకమైన శస్త్రచికిత్సను బోధించెను. పాడుపడిన గోడలను మాత్రము తొలఁగించి, బాగుగానున్న యిండ్లను నిలిపి, సందుల నడుమఁ జిన్నచిన్న ఖాళీచోటుల నేర్పఱచి, అందుఁ జెట్లను నాఁటి, గుడిని బావిని గాపాడుట యా పద్ధతి. దానిచే వ్యయము మిక్కిలి తగ్గునని లెక్కతోఁ జూపెను. వైద్యుఁడు రోగిని జూడక మందీయరాదు. వీథిలో నడువక వీథిని గోయరాదు. గెడ్డిసు బోధయొక్క సార మింతియే.

తెలుఁగుదేశమునందే వేఱొక యుదాహరణము కలదు. 1908లో మూసీనది వఱద వచ్చి హైదరాబాదు చాలభాగము నాశమైన పిమ్మట, 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడెను. ఆ సంఘమువారు చార్మినారు దగ్గఱ వీథిని వెడల్పుచేసి, ఇరువైపుల ఱాతికమానులతో అంగళ్లవరుసను గట్టించిరి. అదియే పత్తర్‌గట్టి. వీథి వెడల్పైనది; అంగడి పోలేదు. ఎండవానలకుఁ గమాను క్రింద నడచుటకు మనుష్యునకుఁ జోటు దొరకినది. అచటి పాతకమానులును నిలిచినవి. విస్తరణ మనఁగాఁ దొలఁగించుట మాత్రమే కాదు, తొలఁగించినదానికి బదులు కట్టుటయు నని ఈ యుదాహరణము చాటుచున్నది.

నంద్యాలలో 2017వ సంవత్సరమున ప్రధానవీథులను వెడల్పుచేయఁ బూనిరి. ఆ యేఁటి ఆగస్టు 23వ తేదీన శాసనసభకు ఉపయెన్నిక జరుగుటచే ఈ పని రాష్ట్రమంతటఁ బ్రసిద్ధి కెక్కినది. ఏండ్లతరబడి జనులు గోరిన పనియే యది. బండ్లు కదలక, రోగిని వైద్యశాలకుఁ గొనిపోవుట సయితము కష్టమైన వీథులు వెడల్పు కావలసినవే. ఇందు వివాదము లేదు. గీఁత లోపలఁ బడిన యిండ్ల, అంగళ్ల ముందుభాగములు తొలఁగింపఁబడినవి. పదునెనిమిదడుగుల లోఁతుగల యంగడికిఁ బండ్రెండడుగులు మిగులుట కొలతలో నాఱడుగుల నష్టమే. వ్యాపారమున నది సరకు దింపుచోటు, త్రాసు పెట్టుచోటు, బేరమునకు వచ్చినవాఁడు కూర్చుండు బల్ల. లెక్కయందుఁ గనఁబడని నష్టము లిట్టివే.

నష్టపరిహారమునకు శాసనములు కలవు. భూసేకరణమును గూర్చి 2013లోఁ గేంద్రశాసన మేర్పడినది. ఆంధ్రప్రదేశమున 2017 కట్టడనియమములు, వీథికి భూమి నిచ్చినవానికి రొక్కమునకు బదులు అధికముగఁ గట్టుకొను హక్కును బత్రరూపమున నొసఁగుటకు వీలు కల్పించినవి. ఆ హక్కును దాను వినియోగింపవచ్చును, ఇతరులకు విక్రయింపవచ్చును. అయినను ఇందొక సూక్ష్మము కలదు. పైయంతస్తు కట్టుకొను హక్కు చిన్నయంగడివానికి అక్కఱకు రాదు. అతనికిఁ గావలసినది వీథిమట్టమున నాఱడుగుల చోటు. మఱియు నీ పరిహారము యజమానునకుఁ జెందును. ముప్పది యేండ్లుగా బాడుగకున్న కంసాలికి, కుట్టుపనివానికి, అరుగుమీఁదఁ బూలమ్ము నామెకు యజమానుని పత్రమునం దే భాగమును లేదు. వీథివ్యాపారులను గాపాడుటకు 2014లో వేఱొక కేంద్రశాసన మేర్పడినది. వారిని లెక్కించి, వ్యాపారసంఘము నేర్పఱచి, చోటు చూపినగాని కదలింపరాదని దాని యాశయము. గీఁతకు ముందు ఈ లెక్క జరుగుట న్యాయము. గీఁత పిమ్మట జరుగు లెక్క మరణానంతరచికిత్స వంటిది.

వెడల్పు కంటెను వీథిమట్టము ముఖ్యమైనది. దీనిని బ్రాయికముగ నెవ్వరును విచారింపరు. పాతవీథిని ద్రవ్వి తీయక దానిమీఁదనే క్రొత్తకాంక్రీటు పోయుట సులభము. పోసిన ప్రతిసారియుఁ గొన్నియంగుళముల మట్టము పెరుగును. రెండు మూఁడు మాఱు లిట్లు జరుగఁగా, ఒకప్పుడు మూఁడు మెట్లెక్కి పోవలసిన యింటికి ఒక మెట్టు దిగి పోవలసివచ్చును. వాననీరు కాలువ వెదకికొనక గడపను వెదకికొనును. నంద్యాలకుఁ గుందూనది, మద్దిలేరు, చామకాలువ చేరువ. 2019 సెప్టెంబరున గురిసిన కుండపోతచే నవి పొంగి పల్లపుపేటలు మునిఁగినవి. మహానంది యాలయమును నీరు చుట్టుముట్టినది. అట్టి యూర వీథి యనఁగా నొక కాలువయే. కౌటల్యుఁడు పంకోదకనిరోధమునకు వేసిన దండము నేఁడు వేయవలసివచ్చినచో, బురద పోసిన పౌరునికంటె ముందు మట్టము చూడక కాంక్రీటు పోసినవాఁడు దండార్హుఁ డగును.

నంద్యాలకు దక్షిణముగ సుమారు నలువది కిలోమీటర్ల దూరమున నున్న ఆళ్లగడ్డ యీ విషయమున వేఱొక పాఠము నేర్పును. కర్నూలునుండి కడపమీఁదుగ రాణిపేటకుఁ బోవు రాజమార్గము ఊరి నడుమఁ బోవుటచే ఆ మార్గమే యూరికి బజారయినది. పెద్దబండ్లకుఁ బ్రక్కదారి యేర్పడిన పిమ్మట, రథ్యగా నున్న వీథి మరల రచ్చ యగుట కవకాశము కలిగినది. బండ్లను దప్పించుట యిండ్లను బడఁగొట్టుట కంటె మేలను న్యాయమునకు ఇది నిదర్శనము.

ఆళ్లగడ్డ శిల్పులకుఁ బ్రసిద్ధి చెందినది. ఇచటి శిలావిగ్రహములు దేశమున నెల్లెడలకుఁ బోవుచున్నవి. ఈ శిల్పమునకు భౌగోళికసూచిక గుర్తింపును లభించినది. దేవతావిగ్రహములతోఁ బాటు నాయకుల విగ్రహములును ఇచటఁ జెక్కఁబడును. ఊరూరఁ గూడళ్లలో విగ్రహములు నిలుపు నలవాటు ప్రబలుటచే, 2013 జనవరి 18వ తేదీన సుప్రీముకోర్టు పబ్లికుత్రోవలలో, కాలిబాటలలో విగ్రహములు నెలకొల్పుట కనుమతి యీయరాదని యుత్తరువు చేసినది. విగ్రహమునకు నమస్కరించువాఁడు నిలుచుటకుఁ జోటు లేనిచోట విగ్రహమునకును గౌరవము లేదు. శిల్పి చేతిపనికిఁ దగిన తావు ఉద్యానము, ఆలయము, సభాస్థలము; బండ్లు మలుపు తిరుగు దిమ్మె కాదు.

ఆ సీమయందే జనులు వీథిని రచ్చగాఁ గాపాడుకొను నాచార మొకటి కలదు. సంక్రాంతి మఱునాఁడు కనుమనాఁ డహోబిలమునఁ బారువేట యారంభమగును. జ్వాలానరసింహస్వామియు బ్రహ్లాదవరదుఁడును ఒక్క పల్లకిలో వేంచేసి, నలువది దినములు పైఁబడి, ముప్పదికిఁ బైగా గ్రామములను సందర్శింతురు. పల్లకిని దింపుటకు గ్రామములలో అరుగులు కట్టియుండును. ఏ యూర నేనాఁడు, ఏ యరుగుమీఁద, ఎవ్వరి పూజ యను క్రమము తరతరములుగా నడచుచున్నది. ఆ యరుగు నెవ్వఁడును ఆక్రమింపఁడు. పత్రము లేకయే, ప్రహరి లేకయే యది నిలిచియున్నది. ఏఁడాదికొకమాఱు దేవుఁడు కూర్చుండుచోట మిగిలిన దినములు మనుష్యులు కూర్చుందురు. ఒక చోటు జనులయాచారముతో ముడివడియున్నంతవఱకు దానికి వేఱు రక్షణ మక్కఱలేదు. ఆచారము తెగినచో నెంతటి కంచెయుఁ గాపాడలేదు.

వ్యాకరణమున నుత్సర్గమనియు, అపవాదమనియు రెండు విధులు కలవు. ఉత్సర్గము సామాన్యవిధి, అంతటను బ్రవర్తించును. అపవాదము విశేషవిధి, తన తావున నుత్సర్గమును బాధించును. అపవాదము చెప్పినవాఁడు ఉత్సర్గమును ద్వేషించినవాఁడు కాఁడు. అపవాదవిషయమును విడిచియే యుత్సర్గము ప్రవర్తించునని శాబ్దికుల సిద్ధాంతము. వీథి వెడల్పు నిర్ణయించు గీఁత యుత్సర్గము. పాతవేపచెట్టు, గుడి ముంగిలి, మసీదు మెట్టు, రచ్చకట్ట, నూఱేండ్ల యంగడివరుస యివి యపవాదములు. వీనిని ముందుగా గుర్తించి, పట్టిక వ్రాసి, పిమ్మట గీఁత గీయుట శాస్త్రీయము. గీఁత గీసిన తరువాత నొక్కొక్కరు వచ్చి వేఁడుకొనఁగా వంకరలు త్రిప్పుట యపవాదము కాదు, పక్షపాతము. ముందు చెప్పిన మినహాయింపు అందఱకు సమానము. పిదప దొరకిన మినహాయింపు బలవంతునిది.

ఇందు సాహిత్యపరిశోధకులకును గర్తవ్యము కలదు. తాళపత్రగ్రంథమును బరిష్కరించువాఁడు అర్థము కాని పాఠమును దుడిచివేయఁడు. అడుగున గుర్తించి యుంచును. వీథియు నట్టి గ్రంథమే. కోఁతకు ముందు ప్రతివీథి పేరును, ఆ పేరు వచ్చిన కారణమును, అందలి శాసనశిలలను, గుడులను, బావులను, వృత్తులను వ్రాసియుంచుట పండితులకును, బడిపిల్లలకును సాధ్యమైన పని. నంద్యాలలో బైర్మల్‌వీథి మొదలగు పాతపేరులు పలువురి నోటనే నిలిచియున్నవి. కొలతల పటము కచ్చేరిలో దొరకును; పేరుల పటము ముసలివారి నోటఁ దప్ప మఱియొకచోట దొరకదు, వారితోడనే పోవును.

రథ్య వలదని యెవ్వరు నన రాదు. పట్టణము పెరుగును, బండ్లు పెరుగును, వీథి పెరుగవలయును. పెరిగిన వీథిలో నలసినవాఁడు కూర్చుండుటకు నీడయు, నడచువానికి మూఁడడుగులును, నీరు పోవుటకుఁ గాలువయు, చిరువ్యాపారికిఁ దావును గలిగినపుడే యది జీర్ణోద్ధారణ మగును. రథ్యాశబ్దమును రచ్చగా మార్చుకొనిన జాతి, ఆ రచ్చను మరల రథ్యకుఁ గోలుపోకుండుట యుచితము.